కంప్యూటర్‌కు తోడు తెరలు, రిమోట్లు: ఏవి నిలిచాయి, ఏవి మూలన పడ్డాయి

## క్లుప్తంగా

ఇంట్లో కంప్యూటర్‌కు జతగా వాడే చిన్న తెరలు, రిమోట్లు, పోర్టబుల్ మానిటర్ల విషయంలో కొనేవాళ్లకు గందరగోళం ఎక్కువ. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు వస్తువుల్లో ఒకటి పదేళ్లు పనిచేస్తుంది, ఇంకోటి రెండేళ్లకే అలమరలోకి చేరుతుంది. తేడా ఎక్కడ వస్తుందంటే, ఆ వస్తువు కంప్యూటర్‌తో ఏ పద్ధతిలో మాట్లాడుతోందన్న దగ్గర. అందరూ వాడే ప్రమాణాలతో పనిచేసేవి నిలిచాయి. ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకున్నవి ఆ కంపెనీకి ఆసక్తి ఉన్నన్నాళ్లే బతికాయి. కొత్తది కొనేముందు చూడాల్సినవి, ఇంట్లో ఉన్న పాత ఫోన్, ట్యాబ్‌లతో అయ్యే పనులు కూడా ఈ వ్యాసంలో ఉన్నాయి.

## 2007 జనవరి: మూడు వారాల తేడాతో రెండు ప్రకటనలు

2007 జనవరి 9న స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌ను మొదటిసారి చూపించారు. మూడు వారాలకు, జనవరి 30న, మైక్రోసాఫ్ట్ విండోస్ విస్టాను మార్కెట్లోకి విడుదల చేసింది. విస్టాలో సైడ్‌షో అనే సదుపాయం ఉండేది. దాని పేరు ఇప్పుడు చాలామందికి గుర్తు లేదు. అయితే కంప్యూటర్‌కు రెండో చిన్న తెర దేనికి అన్న ప్రశ్నను అంత శ్రద్ధగా పట్టించుకున్న ప్రయత్నాలు అరుదు.

సైడ్‌షో ఆలోచన తేలికైనదే. ల్యాప్‌టాప్ మూత తెరవకుండానే ఈ రోజు మీటింగ్ ఎన్నింటికో, కొత్త మెయిల్ వచ్చిందో లేదో కనబడాలి. ఆసుస్ కంపెనీ డబ్ల్యూ5ఎఫ్‌ఈ అనే ల్యాప్‌టాప్ మూత మీద 2.8 అంగుళాల తెర పెట్టింది. డెల్ తన ఎక్స్‌పీఎస్ 420 డెస్క్‌టాప్ క్యాబినెట్ పైభాగంలో చిన్న తెర అమర్చింది. తెర ఉన్న రిమోట్లు, కీబోర్డులు, ఫోటో ఫ్రేములు కూడా వస్తాయని అనుకున్నారు. ఈ తెరకు సొంత మెమరీ ఉండవచ్చు. కంప్యూటర్ మేలుకుని ఉన్నప్పుడు సమాచారాన్ని అందులో దాచుకుంటే, నిద్రలోకి వెళ్లాక కూడా అది కనిపిస్తుంది.

చిక్కు అక్కడే వచ్చింది. కంప్యూటర్ నిద్రపోతే కొత్త మెయిల్ తెచ్చేవాళ్లెవరు? చిన్న తెర మీద కనిపించేది నిన్న రాత్రి మెయిలే. పైగా ప్రతి రకం సమాచారానికీ ఎవరో ఒకరు విడిగా చిన్న ప్రోగ్రామ్ రాయాలి. పరికరాలు తక్కువ కాబట్టి ప్రోగ్రాములు రాసేవాళ్లు రాలేదు, ప్రోగ్రాములు లేవు కాబట్టి పరికరాలు అమ్ముడుపోలేదు. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టుగా తయారైంది. ఈలోగా సొంత సిమ్ కార్డుతో, కంప్యూటర్ అవసరమే లేకుండా మెయిల్ తెచ్చుకునే ఫోన్ జేబులోకి వచ్చేసింది. విండోస్ 8 తరం వచ్చేసరికి సైడ్‌షో కనుమరుగైంది.

అదే 2007లో కొన్న మామూలు వీజీఏ మానిటర్ సంగతి చూడండి. వీజీఏ అనేది మానిటర్‌ను కంప్యూటర్‌కు కలిపే 1987 నాటి ప్రమాణం. ఆ మానిటర్ చెడిపోకుండా ఉంటే, చిన్న హెచ్‌డీఎంఐ కన్వర్టర్ పెట్టి ఈ రోజు కొన్న ల్యాప్‌టాప్‌కు కూడా తగిలించవచ్చు. తెలివి ఎక్కువున్న తెర పోయింది, తెలివిలేని తెర మిగిలింది. తర్వాతి ఏళ్లలోనూ ఇదే కథ పదేపదే జరిగింది.

## చోటు, చూపు, చేయి

తోడు పరికరాలు చేసే పనులు మూడు. మొదటిది, పని చేసుకునే చోటును పెంచడం. రెండోది, ఓరచూపుతో తెలిసే సమాచారాన్ని పక్కన పెట్టడం. మూడోది, కంప్యూటర్ దగ్గరికి వెళ్లకుండా, లేదా పెద్ద తెర మీద మెనూలు వెతక్కుండా, చేత్తో ఆజ్ఞ ఇవ్వడం. ఈ మూడింటిలో తనది ఏ పనో తేల్చుకోని వస్తువు ఇబ్బంది పెడుతుంది.

చోటు పెరిగితే వచ్చే లాభం అందరికంటే బాగా తెలిసింది డీటీపీ పని చేసేవాళ్లకు. రాతప్రతి స్కాన్ ఒక తెర మీద, అను తెలుగు ఫాంట్లతో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఇంకో తెర మీద ఉంటే కన్ను మాత్రమే అటూ ఇటూ కదులుతుంది. ఒకే తెర ఉంటే ప్రతి వాక్యానికీ కిటికీ మార్చాలి. మార్చిన ప్రతిసారీ చదువుతున్న వరుస ఎక్కడుందో మళ్లీ వెతుక్కోవాలి. రెండో తెర ఆదా చేసేది ఆ వెతుకులాటను. ఆన్‌లైన్ క్లాసు వింటూ నోట్సు రాసుకునేవాళ్లకూ, మీటింగ్‌లో మాట్లాడుతూ ఎక్సెల్ షీటు చూసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఒకేసారి రెండు చోట్ల చూడాల్సిన పని లేనివాళ్లకు రెండో మానిటర్ బల్ల మీద చోటు తినడం తప్ప చేసేదేమీ ఉండదు.

ఓరచూపు తెరకు ఉదాహరణ: ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరికతో తెలుగు టైపింగ్ నేర్చుకునేవాళ్లు ఏ అక్షరం ఏ కీ మీద ఉందో పక్కనున్న ఫోన్‌లో తెరిచి పెట్టుకుంటారు. మొదటి కొన్ని వారాలు అది ఎంతో సాయం. వేళ్లకు అలవాటయ్యాక అటు చూడనే చూడరు. ఓరచూపు అవసరాలు చాలావరకు ఇలా తాత్కాలికమే. అందుకే వాటికోసం ప్రత్యేకంగా ఒక పరికరం కొనడం తరచూ దండగ అవుతుంది.

చూపు పనినీ చేయి పనినీ కలిపేస్తే ఏమవుతుందో ఆపిల్ టచ్ బార్ చూపించింది. 2016లో మ్యాక్‌బుక్ ప్రో కీబోర్డు పైవరుసలోని ఫంక్షన్ కీలు తీసేసి, ఆ స్థానంలో సన్నని స్పర్శ తెర పెట్టారు. వాడుతున్న సాఫ్ట్‌వేర్‌ను బట్టి దాని మీద బొమ్మలు మారేవి. కానీ టైప్ చేసేవాళ్ల కళ్లు పెద్ద తెర మీదుంటాయి. టచ్ బార్ వాడాలంటే తల దించి చూడాలి, ఎందుకంటే నున్నటి గాజు మీద ఏ గుర్తు ఎక్కడుందో వేలికి తెలియదు. 2019లో 16 అంగుళాల మోడల్‌లో ఎస్కేప్ కీ మళ్లీ మామూలు కీగా వచ్చింది. టచ్ బార్ ఉన్న చివరి మోడల్ అమ్మకం 2023 అక్టోబరుతో ముగిసింది.

దాదాపు అదే ఆలోచనతో 2017లో వచ్చిన ఎల్గాటో స్ట్రీమ్ డెక్ మాత్రం నిలబడింది. 15 బటన్లు, ఒక్కో బటన్ మీద మారే బొమ్మ. నిజానికి లోపల ఉన్నది ఒకే ఎల్‌సీడీ తెర, దాని మీద పారదర్శకమైన బటన్లు పేర్చారు. బటన్ నొక్కితే కిందికి దిగుతుంది, వేలికి తెలుస్తుంది. నాలుగు రోజులు వాడితే రెండో వరుస మూడో బటన్ మైక్ ఆపేదని చేతికే గుర్తుంటుంది. యూట్యూబ్ లైవ్‌లు చేసేవాళ్లు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు దీన్ని ఇష్టపడటానికి కారణం అదే. రోజుకు రెండు మూడు షార్ట్‌కట్లు మాత్రమే వాడేవాళ్లకు అంత డబ్బు పెట్టాల్సిన పని లేదు, కీబోర్డు మీదే అవి కుదురుతాయి.

## రిమోట్‌కు తెర పెడితే

టీవీ రిమోట్ ఎంత గొప్ప యంత్రమో దానికి తెర పెట్టాలని చూసినప్పుడే అర్థమవుతుంది. బటన్ నొక్కినప్పుడు మాత్రమే దాని ముందున్న చిన్న ఎల్ఈడీ కంటికి కనపడని కాంతిని సెకనుకు సుమారు 38 వేల సార్లు మినుకుమినుకుమనిపిస్తూ సంకేతం పంపుతుంది. మిగతా సమయమంతా అది దాదాపు ఏ కరెంటూ వాడదు. రెండు సెల్స్‌తో నెలల తరబడి నడిచేది అందుకే. సెల్స్ నీరసించాక రిమోట్ వీపు మీద రెండు దెబ్బలు కొట్టి ఇంకో వారం లాగించడం ఇంటింటా చూసేదే. ఎల్ఈడీ వెలుగుతోందో లేదో తెలుసుకోవాలంటే రిమోట్‌ను ఫోన్ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కితే చాలు. చాలా కెమెరాలకు ఆ కాంతి కనిపిస్తుంది.

ఈ సంకేతం ఒక్క వైపే వెళ్తుంది. కంప్యూటర్‌కు అందిందో లేదో రిమోట్‌కు తెలియదు. ఏ పాట వస్తోందో రిమోట్ మీద చూపించాలంటే కంప్యూటర్ నుంచి సమాచారం వెనక్కి రావాలి, అంటే వైఫై గానీ బ్లూటూత్ గానీ కావాలి. తెరకు వెలుగు కావాలి. ఈ రెండూ కలిస్తే సెల్స్ సరిపోవు, రోజూ చార్జింగ్ పెట్టాల్సి వస్తుంది. చార్జింగ్ మర్చిపోయిన రోజు వాల్యూమ్ తగ్గించడానికి కూడా లేచి వెళ్లాలి. రోజూ చార్జింగ్ పెట్టే అలవాటు జనానికి ఒక్క ఫోన్ విషయంలోనే కుదిరింది. అందుకే తెర ఉన్న రిమోట్ స్థానం చివరికి ఫోన్‌కే దక్కింది.

## హాల్లో టీవీకి కలిపిన ల్యాప్‌టాప్

అమెరికాలో ఉన్న పిల్లలతో వీడియో కాల్ కోసమో, పెళ్లి వీడియో అందరూ కలిసి చూడటానికో ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి తగిలించడం చాలా ఇళ్లలో మామూలే. బొమ్మ వెంటనే వస్తుంది. ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. కేబుల్ పొట్టిది కాబట్టి ల్యాప్‌టాప్ టీవీ పక్కన, చూసేవాళ్లు సోఫాలో. ఆపాలన్నా, ముందుకు జరపాలన్నా ఒకరు లేచి వెళ్లాలి.

ఈ సమస్యకు మైక్రోసాఫ్ట్ 2002లోనే జవాబిచ్చింది. విండోస్ ఎక్స్‌పీ మీడియా సెంటర్ ఎడిషన్ ఉన్న కంప్యూటర్లతో ఆకుపచ్చ బటన్ ఉన్న రిమోట్ వచ్చేది. ఆ బటన్ నొక్కితే పది అడుగుల దూరం నుంచి చదవగలిగే పెద్ద అక్షరాల మెనూ తెరుచుకునేది, బాణం కీలతోనే మొత్తం నడిచేది. విండోస్ 7 దాకా అది బాగానే సాగింది. విండోస్ 8లో విడిగా డబ్బు కట్టి తీసుకోవాల్సిన అదనపు భాగంగా మారింది. 2015 జూలైలో వచ్చిన విండోస్ 10లో లేనే లేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రిమోట్లు చెడిపోలేదు. బటన్ నొక్కితే ఇప్పటికీ సంకేతం వెళ్తుంది. దాన్ని అందుకుని పని చేసే సాఫ్ట్‌వేర్ పోయింది. దూరం నుంచి చూడటానికి తయారుచేసిన మెనూల స్థానంలో బ్రౌజర్ వచ్చింది. బ్రౌజర్‌లోని వెబ్‌సైట్లు రెండడుగుల దూరం నుంచి మౌస్‌తో వాడటానికి తయారైనవి, వాటిలో చాలావాటిని బాణం కీలతో నడపడం కష్టం. పాత మీడియా సెంటర్ రిమోట్ సంకేతాన్ని అందుకునే రిసీవర్ ఇంట్లో పడి ఉంటే పారేయనక్కర్లేదు. ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో దానికి డ్రైవర్, అంటే దాన్ని నడిపే ప్రోగ్రామ్, ఉంది. లినక్స్ మీద కోడి అనే వీడియో ప్లేయర్ వేసుకుంటే ఆ రిమోట్‌కు మళ్లీ పని దొరుకుతుంది.

టీవీ రిమోట్‌తోనే కంప్యూటర్‌ను నడపలేమా అన్న ప్రశ్న చాలామందికి వస్తుంది. దారి ఉంది. హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే సీఈసీ అనే ఒక తీగ ఉంటుంది. టీవీకి వచ్చిన రిమోట్ ఆజ్ఞల్ని అవతలి పరికరానికి అందించగలిగేది అదే. కానీ మామూలు కంప్యూటర్ల గ్రాఫిక్స్ కార్డులు చాలావరకు దీన్ని పట్టించుకోవు. విచిత్రంగా, అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డులో ఈ సదుపాయం ఉంది. ఖరీదైన డెస్క్‌టాప్ చేయలేని పనిని ఆ చిన్న బోర్డు చేస్తుంది.

టీవీకి తగిలించే క్రోమ్‌కాస్ట్ అనే చిన్న పరికరాన్ని 2013లో 35 డాలర్లకు తెచ్చి గూగుల్ ఇంకో దారి చూపింది. కాస్ట్ చేయడం, స్క్రీన్ మిర్రర్ చేయడం ఒకటే అనుకుంటారు కానీ తేడా పెద్దది. కాస్ట్ చేసినప్పుడు ఫోన్ పంపేది ఏ వీడియో కావాలన్న చిరునామా మాత్రమే. టీవీకి ఉన్న పరికరం ఆ వీడియోను నేరుగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఫోన్ లాక్ చేసినా సినిమా ఆగదు. మిర్రర్ చేసినప్పుడు తెర మీద కదిలే ప్రతి బొమ్మనూ ఫోన్ గానీ ల్యాప్‌టాప్ గానీ అప్పటికప్పుడు కుదించి పంపాలి. వేడెక్కడం, మాటకూ పెదవికీ పొంతన తప్పడం అందుకే.

దీనంతటి తర్వాత, ల్యాప్‌టాప్‌నే టీవీకి పెట్టాలనుకునేవాళ్లకు తేలికైన ఉపాయం చిన్న వైర్‌లెస్ కీబోర్డు గానీ, గాలిలో ఊపితే బాణం కదిలే ఎయిర్ మౌస్ గానీ. ఇవి కంప్యూటర్‌కు మామూలు కీబోర్డు, మౌస్‌లాగే కనబడతాయి. డ్రైవర్ అవసరం ఉండదు, విండోస్ మారినా పనిచేస్తాయి.

## రంధ్రం ఒకటే, లోపలి సంగతి వేరు

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది పోర్టబుల్ మానిటర్ల దగ్గర. ప్రకటనలో యూఎస్‌బీ-సీ కేబుల్ ఒక్కటి చాలు అని ఉంటుంది. ఇంటికి తెచ్చి పెడితే తెర వెలుగుతుంది కానీ బొమ్మ రాదు. మానిటర్ పాడైందని వెనక్కి పంపేస్తారు. చాలాసార్లు లోపం మానిటర్‌ది కాదు.

యూఎస్‌బీ-సీ అనేది ప్లగ్ ఆకారానికి పేరు. ఆ రంధ్రంలోంచి కరెంటు రావచ్చు, ఫైళ్లు రావచ్చు, వీడియో రావచ్చు. ఏవి వస్తాయన్నది ల్యాప్‌టాప్ తయారీదారు నిర్ణయం. వీడియో రావాలంటే ఆ పోర్టుకు డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ గానీ, థండర్‌బోల్ట్ గానీ, యూఎస్‌బీ4 గానీ ఉండాలి. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఇవి ఉండవు. పోర్టు పక్కన మెరుపు గుర్తో, డిస్‌ప్లేపోర్ట్ గుర్తో ఉంటే కొంత భరోసా. గుర్తు లేకపోతే మోడల్ నంబరుతో కంపెనీ స్పెసిఫికేషన్ పేజీ చూడటమే మార్గం. కేబుల్ సంగతి కూడా ఇంతే. ఫోన్ చార్జర్‌తో వచ్చే తీగల్లో చాలావాటికి వీడియో మోసే తీగలే ఉండవు.

మామూలు యూఎస్‌బీ ద్వారా వీడియో ఎందుకు రాదో ఒక లెక్క చెబుతుంది. ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 × 1080, అంటే సుమారు 20.7 లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకు 24 బిట్ల రంగు, సెకనుకు 60 సార్లు. గుణిస్తే సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు. యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం 48 కోట్లు. ఆరింతల సరుకును ఆ ఇరుకు దారిలో పంపాలంటే కుదించక తప్పదు. డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న అడాప్టర్లు, డాక్‌లు (ఒకే కేబుల్‌తో చాలా పోర్టులు ఇచ్చే పెట్టెలు) చేసేది అదే. కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ బొమ్మను కుదించి పంపుతుంది, అవతలి చిప్ విప్పుతుంది. అక్షరాలు, ఎక్సెల్ షీట్లకు ఇది చక్కగా సరిపోతుంది. వేగంగా కదిలే ఆటలకు సరిపోదు. పైగా మళ్లీ ఒక కంపెనీ డ్రైవర్ మీద ఆధారపడాలి.

అందువల్ల కొనే పోర్టబుల్ మానిటర్‌కు యూఎస్‌బీ-సీతో పాటు హెచ్‌డీఎంఐ కూడా ఉందో లేదో చూడటం అన్నిటికంటే ముఖ్యం. హెచ్‌డీఎంఐ ఉంటే, ఆ పోర్టు ఉన్న ఏ ల్యాప్‌టాప్‌తోనైనా, సెట్‌టాప్ బాక్స్‌తోనైనా నడుస్తుంది. కరెంటుకు విడిగా ఇంకో వైరు కావాలి, అంతే.

## కంపెనీ చేతిలో ఉన్న ఆయుష్షు

లాజిటెక్ 2011లో హార్మొనీ లింక్ అనే పరికరం తెచ్చింది. ఫోన్ లేదా ట్యాబ్ తెరను ఇంట్లోని టీవీ, మ్యూజిక్ సిస్టమ్‌లన్నిటికీ రిమోట్‌గా మార్చేది. 2017 నవంబరులో కంపెనీ ఒక ప్రకటన చేసింది: 2018 మార్చి 16 తర్వాత అది పనిచేయదు. పరికరాల్లో లోపం లేదు, వాటికి కావాల్సిన భద్రతా సర్టిఫికెట్ గడువు తీరిపోతోంది, పొడిగించడం లేదు. కొన్నవాళ్లు గట్టిగా అడిగాక కొత్త హార్మొనీ హబ్‌ను ఉచితంగా ఇస్తామంది. 2021లో హార్మొనీ రిమోట్ల తయారీనే ఆపేసింది.

పాటల యాప్ స్పాటిఫై తెచ్చిన కార్ థింగ్ కథ ఇంకా పొట్టిది. కారులో పాటలు మార్చడానికి చిన్న తెర, పక్కన తిప్పే చక్రం. 2022 ఫిబ్రవరిలో అమెరికాలో అందరికీ అమ్మకానికి వచ్చింది, ధర సుమారు 90 డాలర్లు. ఆ జూలైకే తయారీ ఆపేశారు. 2024 డిసెంబరు 9 నుంచి కొన్న పరికరాలు కూడా పనిచేయకుండా చేశారు. ఆసక్తి ఉన్న ప్రోగ్రామర్లు లోపలి సాఫ్ట్‌వేర్ మార్చి, కంప్యూటర్ పక్కన పెట్టుకునే చిన్న తెరగా దాన్ని మళ్లీ బతికించారు. తెర, చక్రం, చిప్ అన్నీ బాగున్నాయి కాబట్టే అది సాధ్యమైంది. పనిచేసే వస్తువును ఒక్క నిర్ణయంతో చెత్తగా మార్చడం కొన్నవాళ్లకు అన్యాయమే కాదు, ఎలక్ట్రానిక్ చెత్తను పెంచడం కూడా.

స్ట్రీమ్ డెక్ కూడా కంపెనీ సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తుంది కదా అనవచ్చు. నిజమే. కానీ అది కంప్యూటర్‌తో కీబోర్డులు, మౌస్‌లు వాడే హెచ్ఐడీ పద్ధతిలోనే మాట్లాడుతుంది. అందుకే బయటివాళ్లు దానికి ఉచిత సాఫ్ట్‌వేర్ రాయగలిగారు, లినక్స్ మీద కూడా వాడుకుంటున్నారు. కంపెనీ రేపు చేతులెత్తేసినా కొంత దారి మిగులుతుంది. కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: ఖాతా తెరవకుండా, ఇంటర్నెట్ లేకుండా ఈ వస్తువు ఎంతవరకు పనిచేస్తుంది?

## ఇంట్లో ఉన్న పాత ఫోన్, ట్యాబ్

చాలామంది అవసరానికి కొత్త పరికరం అక్కర్లేదు. విండోస్ 10, 11లలో విండోస్ కీ, కె కలిపి నొక్కితే మిరాకాస్ట్ (వైరు లేకుండా తెరను పంపే పద్ధతి) ఉన్న టీవీలు కనబడతాయి. స్పేస్‌డెస్క్ లాంటి ప్రోగ్రాములు పాత ఆండ్రాయిడ్ ట్యాబ్‌ను విండోస్‌కు రెండో మానిటర్‌గా మారుస్తాయి. మ్యాక్, ఐప్యాడ్ ఉన్నవాళ్లకు ఇదే పని చేసే సైడ్‌కార్ 2019 నుంచి ఉంది. కేడీఈ కనెక్ట్ అనే యాప్ ఫోన్‌ను మౌస్‌గా, ప్లే బటన్‌గా, ప్రెజెంటేషన్ రిమోట్‌గా వాడనిస్తుంది. అది ఓపెన్ సోర్స్, ఖాతా అడగదు, ఇంట్లోని వైఫై చాలు. ట్యాబ్‌ను రెండో తెరగా వాడేటప్పుడు బాణం కాస్త వెనకబడి కదులుతుంది. మెయిల్, చాట్, పీడీఎఫ్ తెరిచి ఉంచడానికి ఆ ఆలస్యం అడ్డు రాదు.

రెండు జాగ్రత్తలు అవసరం. పాత ట్యాబ్‌ను రాత్రింబవళ్లు చార్జింగ్‌లో ఉంచితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టుకోవాలి. లేకపోతే పని అయ్యాక ప్లగ్ తీసేయాలి. వెనక మూత కొంచెం పైకి లేచినట్టు కనిపిస్తే ఇక వాడకూడదు.

రెండోది భద్రత. రిమోట్ యాప్ పనిచేయాలంటే కంప్యూటర్‌లో ఒక సర్వర్ ప్రోగ్రామ్ ఫోన్ పంపే ఆజ్ఞల కోసం ఎప్పుడూ కాచుకుని ఉండాలి. అది కీబోర్డు చేయగలిగినవన్నీ చేయగలదు. సొంత ఇంటి వైఫైలో పెద్ద టెన్షన్ లేదు. కానీ అమీర్‌పేట హాస్టళ్లలో లాగా యాభై మంది ఒకే వైఫై వాడే చోట, పాస్‌వర్డ్ పెట్టని రిమోట్ సర్వర్ తలుపు తీసి పెట్టడమే. డాంగిల్‌తో (యూఎస్‌బీలో పెట్టే చిన్న రిసీవర్‌తో) వచ్చే వైర్‌లెస్ మౌస్‌లకూ ఈ బెడద ఉంది. 2016లో బాస్టిల్ సంస్థ పరిశోధకులు, కొన్ని కంపెనీల డాంగిళ్లకు దూరం నుంచే దొంగ కీలు పంపవచ్చని చూపించారు. ఈ లోపానికి మౌస్‌జాక్ అని పేరు పెట్టారు. రిమోట్ యాప్‌లో పాస్‌వర్డ్ పెట్టుకోవడం, ఫోన్‌ను జత చేసేటప్పుడు అడిగే కోడ్‌ను సరిచూసుకోవడం కనీస జాగ్రత్త. వాడని రోజుల్లో ఆ సర్వర్ నడవాల్సిన అవసరం కూడా లేదు. విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి, స్టార్టప్ జాబితాలో దాని పేరు మీద రైట్ క్లిక్ చేసి డిజేబుల్ చేస్తే, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తనంతట తాను మొదలవదు.